మోటారు బతికించే చేతులు

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లకు చిల్లకల్లు అంటే టోల్‌గేటే. నాకు మాత్రం ఈ మెట్ట ప్రాంతపు బోరు మోటార్లను బాగుచేసే మెకానిక్కులు గుర్తొస్తారు. మిరపతోటకు తడి పెట్టాల్సిన రోజున మోటారు కాలిపోతే రైతుకు దిక్కు వాళ్లే.

రీవైండింగ్ ఓపిక పని. కాలిన తీగ తీసేటప్పుడే చుట్లు లెక్కపెట్టుకోవాలి, గేజి చూసుకోవాలి. లోపల నీళ్లు నింపే సబ్‌మెర్సిబుల్ మోటారుకు ఒట్టి ఎనామెల్ తీగ పనికిరాదు. ప్లాస్టిక్ పొర చుట్టిన రాగి తీగే కావాలి. స్లాట్‌లోకి దించేటప్పుడు ఆ పొర ఏ మూలన గీసుకుపోయినా మోటారు మళ్లీ కాలుతుంది. బోల్టులకూ ఒక పద్ధతుంది: ముందు అన్నీ చేత్తో తిప్పి, ఆ తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెంగా స్పానరుతో బిగించాలి.

కంప్యూటర్లు బాగుచేసేవాళ్లదీ ఇదే కోవ. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగు సరిగ్గా కనబడాలంటే సీడీ పెట్టి, కంట్రోల్ ప్యానెల్ తెరిచి, మన లిపులకు కావలసిన ఫైళ్లు విడిగా ఎక్కించాల్సి వచ్చేది. చెదిరిన ఒత్తులను అలా కుదిర్చిన కుర్రాళ్లకు తెలుగు చదువరులంతా రుణపడి ఉన్నారు.

ఇలాంటివాళ్ల దగ్గర మజూరీకి బేరమాడకండి.