కెప్టెన్ నెమో - మన పాఠకుల ఆదరణ

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1869-70లలో ధారావాహికగా ప్రకటించిన "సముద్రగర్భమున ఇరువది వేల లీగులు" అను నవలకు మన పాఠకులలో ఆదరణ కలదు. నగర్తపేటలోని మా తెలుగు తరగతిలో ఈ కథ చెప్పినపుడెల్ల బాలురు నాటిలస్ అను జలాంతర్గామిని గూర్చి, దానిని నడుపు విద్యుచ్ఛక్తిని గూర్చి విని అబ్బురపడుదురు. శీర్షికలోని సంఖ్య సముద్రపు లోతని భ్రమించువారును కలరు. అది నౌక పయనించిన దూరము. ఇంచుమించు 80,000 కిలోమీటర్లు. యంత్రవైభవమును మెచ్చుట తప్పు గాదు. కాని అంతటితో నిలిచిన ఆదరణ అసంపూర్ణమని నా అభిప్రాయము.

అంతటి విద్వాంసుడు భూమిని ఏల విడిచెను? లాటిను భాషలో "నెమో" అనగా "ఎవడును కాడు" అని అర్థము. సింహళ తీరమున ముత్యములకై మునిగిన భారతీయుని అతడు సొరచేప నుండి కాపాడి, తానును పీడితదేశీయుల పక్షమువాడనే యని తెలుపును. తరువాతి నవలయగు "రహస్య ద్వీపము" (1874-75)న గుట్టు బయలుపడును. అతడు బుందేల్‌ఖండ రాజకుమారుడు డక్కార్. 1857 సంగ్రామమున పోరాడి సర్వస్వమును కోల్పోయినవాడు. టిప్పు సుల్తానునకు మేనల్లుని వరుసవాడు! ఈ చుట్టరికము చరిత్రకు పొసగదు. అయినను, 1791లో పూర్తియైన టిప్పు వేసవి విడిదికి చేరువనే నివసించు మనకు ఆ పేరు పరాయిది గాదు.

ఇట్టి పాత్ర మనకు సమగ్రముగా అందలేదు. ఆంగ్లేయుల కాడి ప్రజలకు మోయరానిదైనదను భావమును వెర్న్ మూలమున ఉంచగా, కింగ్‌స్టన్ పేర 1875లో వెలువడిన ఆంగ్లానువాదము, స్వార్థపరులగు రాజుల ప్రేరణచే జనులు తిరుగబడిరని మార్చినది. ఆ అనువాదమునే నమ్మి చదివిన భారతీయునికి తనవాని గోడు తనకే వినబడకపోయెను.

అట్లని నెమోను దోషరహితునిగా పూజింప నక్కరలేదు. తుదకు అతడొక యుద్ధనౌకను జనులతోకూడ ముంచును; ఆ పిమ్మట ఆలుబిడ్డల చిత్రము ముందు మోకరిల్లి విలపించును. కథ చెప్పు అరొనాక్స్ పండితుడు భీతిల్లును. పీడితునిపై జాలి, ప్రతీకారముపై జంకు - ఈ రెంటిని రచయిత సమముగా నిలిపినాడు.

కావున బాలురకై ఈ కథను సంక్షేపించువారు యంత్రముతోపాటు మనుష్యుని కూడ నిలుపవలెను. మూలమునకు విధేయమైన తెలుగు పాఠమును మన పిల్లల చేతికిచ్చుట ఉపాధ్యాయులమైన మా బాధ్యత. దానిని ఆదరించుట మీ బాధ్యత.