పైనుంచి వేసే చెయ్యి

మహిళల బేస్‌బాల్ అనగానే అందరూ ముందు పొట్టి స్కర్టుల సంగతే ఎత్తుతారు. 1943లో చూయింగ్ గమ్ వ్యాపారి ఫిలిప్ రిగ్లీ అమెరికాలో పెట్టిన ఆల్ అమెరికన్ గర్ల్స్ లీగ్‌లో స్కర్టులూ, అలంకరణ పాఠాలూ ఉన్న మాట నిజమే. ఆ స్కర్టుతో నేలమీద జారి బేస్ అందుకుంటే తొడల చర్మం లేచిపోయేది. నా ఆసక్తి మాత్రం బంతి మీద.

మొదట్లో ఆ ఆట సాఫ్ట్‌బాల్‌కు దగ్గర. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, పిచింగ్ దూరం 40 అడుగులు, చెయ్యి కిందినుంచి ఊపి వెయ్యాలి. పోనుపోను బంతి చిన్నదైంది, దూరం పెరిగింది. 1948కల్లా భుజం పైనుంచి వెయ్యడం వచ్చేసింది. క్రికెట్‌లో ఈ మార్పుకు దశాబ్దాలు పట్టింది, ఇక్కడ ఐదేళ్లు! కిందినుంచి వేసి పేరు తెచ్చుకున్నవాళ్లు మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది.

జీన్ ఫౌట్‌ది దీనికి తిరగేసిన కథ. పెన్సిల్వేనియాలో మగవాళ్ల జట్టుకు ప్రాక్టీసు బంతులు వేస్తూ ఆట పట్టిన అమ్మాయి. పైనుంచి వెయ్యడమే ఆమెకు వచ్చిన విద్య. 1946లో సౌత్ బెండ్ బ్లూ సాక్స్‌లో చేరేనాటికి దానికి అక్కడ అనుమతి లేదు. ఎక్కువగా మూడో బేస్ దగ్గరే నిలబడింది. తర్వాత నిబంధనే ఆమె దారికొచ్చింది. అదృష్టమంటే కాదనను. కానీ ఏ బ్యాటర్ ఏ బంతికి తడబడుతుందో మనసులో పెట్టుకుని, సరిగ్గా అక్కడికే వెయ్యడం అదృష్టంతో వచ్చేది కాదు.

1951లో రాక్‌ఫర్డ్ పీచెస్ మీద పర్ఫెక్ట్ గేమ్ వేసింది. అంటే వరసగా 27 మంది వస్తే ఒక్కరూ మొదటి బేస్ చేరలేదు. 1953లో కలమజూ లాసీస్ మీద రెండోది. మేజర్ లీగ్ మగ పిచర్లలో రెండు వేసినవాడు ఇప్పటికీ లేడు. (ఆమె వేసిన దూరం వాళ్లకన్నా తక్కువే. పేచీకోరుల కోసం నేనే చెప్పేస్తున్నా.)

1951 నుంచి జట్టు మేనేజర్ ఆమె భర్తే. అటు కాపురం, ఇటు జట్టు, రెంటి మధ్యా నలుగుడు ఉండనే ఉంటుంది. 1953లో లీగ్ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికై, ఆ సీజన్‌తోనే మానేసింది. మరుసటి ఏడు పిచింగ్ దూరం 60 అడుగులకు చేరింది, బంతి ఇంచుమించు మగవాళ్ల బంతంత అయింది. లీగ్‌కు అదే ఆఖరి ఏడు. ఫౌట్ తర్వాత పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటకు మళ్లింది. అందులో బంతిని కిందినుంచే వెయ్యాలి.