గోడో ఎవరు సార్?

అనంతపురంలో ఎం.ఏ. ఇంగ్లీషు పిల్లలు శామ్యూల్ బెకెట్ ‘వెయిటింగ్ ఫర్ గోడో’ నాటకం పట్టుకొస్తే మొదటి ప్రశ్న ఒకటే: గోడో అంటే దేవుడే కదా సార్? గైడులో అట్లనే ఉంటుంది. ఈ నేలలో పుట్టినందుకు కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, గోడో అంటే వానే అంటారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే చోట ఆ ఆలోచన రాకుంటేనే వింత.

నేనొప్పుకోను. ఆలస్యమైనా, చాలకపోయినా వాన వస్తుంది; గోడో రాడు. పైగా మన రైతు ఎదురుచూస్తూ చేతులు కట్టుకోడు. అప్పు చేసి శనక్కాయ విత్తనం తెచ్చిపెట్టుకుంటాడు, పదునైతే తెల్లారేలోగా గొర్రు కడతాడు. నాటకంలో గోడో కోసం కాచుకునే వ్లాదిమిర్‌కు, ఎస్ట్రాగన్‌కు విత్తడానికి చేనే లేదు. ఒక దారి, ఒక చెట్టు, మాపటేళ. అంతే. రెండో అంకంలో చెట్టుకు నాలుగైదు ఆకులొస్తాయి, ఆ దారిన పోయే పోజో గుడ్డివాడవుతాడు, అతని బంటు లక్కీ మూగబోతాడు. ఎందుకో బెకెట్ చెప్పడు. గోడో ఎవరని దర్శకుడు అలన్ ష్నైడర్ అడిగితే, తెలిసుంటే నాటకంలోనే చెప్పేవాణ్ణి అన్నాడట.

అందుకే నా పద్ధతి: అర్థం పక్కన పెట్టి, ఇద్దరు కూర్చుని పైకి చదవండి. పేజీ పేజీకీ బెకెట్ ‘మౌనం’, ‘విరామం’ అని రాసిపెట్టాడు. పిల్లలు వాటిని దాటేసి తర్వాతి మాటకు దూకుతారు. తప్పు వాళ్లది కాదు. మనం పద్యనాటకాలు చూసి పెరిగినోళ్లం. నటుడు ఆగితే హార్మోనియం అందుకోవాల్సిందే. తాడిపత్రిలో పుట్టిన నటుడు బళ్లారి రాఘవ ఆ రాగాల వరసకు అడ్డుపడి మాటకు, చూపుకు బరువు తెచ్చాడు. ఆయన 1946లో పోయాడు. గోడో పారిస్‌లో రంగమెక్కింది 1953 జనవరి 5న. రాఘవ చేతిలో పోజో ఎట్లుండేవాడో అని అప్పుడప్పుడూ అనుకుంటాను.

1957లో అమెరికాలోని శాన్ క్వెంటిన్ జైల్లో ఈ నాటకం ఆడితే ఖైదీలు కదలకుండా చూశారు. పారిస్, లండన్ పండితులు తలలు పట్టుకున్న నాటకం వాళ్లకు తేలిగ్గా అందింది. విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్ 1961లో అసంగత నాటకం మీద రాసిన పుస్తకాన్ని ఈ ముచ్చటతోనే మొదలుపెట్టాడు. ఆ ఖైదీల దగ్గర గైడు లేదు, పరీక్షా లేదు.

మీకు పరీక్ష ఉంది. గోడో ఎవరని అడిగితే దేవుడని రాసి రండి, మార్కులేస్తారు.