గోరంత ఆట

మా ప్రొద్దుటూరులో అర గ్రాము ముక్కుపుడక కొనడానికొచ్చిన పల్లెటూరి ఆడమనిషి కూడా తూకం మీదినుంచి చూపు తిప్పదు. గీటురాయి మీద గీసి చూపమంటుంది. తరుగెంత, మజూరి ఎంత అని నాలుగు అంగళ్లు తిరుగుతుంది. అదే ఊళ్లో పుట్టి పెరిగిన నేను బ్రేక్ లివర్‌ను రంగు చూసి కొన్నాను.

నాది పాత పల్సర్ 150. ఇంటి ముందర స్టాండు మీదినుంచి ఒరిగి పడి క్లచ్ లివర్ కొస విరిగింది. దానికొకటి కొంటే సరిపోయేది. అంగట్లో అద్దాల పెట్టెలో ఎర్రగా మెరిసే జత కనబడింది. పొట్టివి, రెండు వేళ్లకు సరిపోయేవి, మొదట్లో ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న బుల్లి చక్రం. "సీఎన్‌సీ పీసు సార్" అన్నాడు అంగడబ్బాయి. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివే మా మేనల్లుడి బండికి ఇలాంటివే ఉన్నాయి. ఎట్లాగూ ఆదివారం వాడి దగ్గరికే పోతున్నా. మామ కూడా తక్కువ తినలేదని చూపిద్దామనిపించింది. యాభై దాటాక వచ్చే జబ్బుల్లో ఇదొకటి.

మే నెల. జమ్మలమడుగులో చిన్న పనుండి అటు తిరిగి పోయాను. పని చూసుకుని బండి తీస్తే కొంచెం బరువుగా కదిలింది. ఎండకేమో అనుకున్నాను. పెన్న వంతెన దాటాక గేరు తీసి వదిలితే పట్టుమని పది గజాలు దొర్లలేదు. ముద్దనూరు చేరేసరికి ముందు చక్రం గట్టిగా పట్టేసింది.

వేపచెట్టు కింద షెడ్డు. మెకానిక్‌కు అరవై ఉంటాయి. డిస్కు మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించాడు. చుయ్‌మన్నాయి.

"బ్రేకు పట్టుకోనే తోలుకొస్తివా సామీ?"

"లేదే."

ఆయన ఇంకేమీ అడగలేదు. లివర్ బోల్టు విప్పి ఎర్ర లివర్‌ను చేతిలోకి తీసుకున్నాడు. కాలితో తడితే చక్రం తిరిగింది. "చూస్తివా, ఇది తీస్తానే ఇడిసిపెట్న్యాది. నువ్వు పట్టకముందే ఇది పట్టుకోని కూచ్చుండాది. గోరంత ఆట ఉండాల సామీ దీనికి."

ఆ గోరంత సంగతి ఇది. హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిలు డబ్బా అడుగున సన్న బెజ్జం ఒకటుంటుంది. లివర్ వదిలినప్పుడు లోపలి పిస్టన్ పూర్తిగా వెనక్కి జరిగి ఆ బెజ్జాన్ని తెరిచిపెట్టాలి. వేడికి ఉబ్బిన ఆయిలు ఆ దారినే డబ్బాలోకి పోతుంది. నా కొత్త లివర్ ముక్కు వెంట్రుకవాసి పొడవు. అది పిస్టన్‌ను ఎప్పుడూ కాస్త ముందుకు నెట్టే ఉంచింది, బెజ్జం మూసుకుపోయింది. ఉబ్బిన ఆయిలుకు దారి లేక ప్యాడ్లను నెట్టింది. ప్యాడ్లు రాసుకుని మరింత వేడి, ఆ వేడికి ఆయిలు మరింత ఉబ్బడం. రాయలసీమ మే నెల ఎండ దానికి తోడు. నిదానంగా పోతున్నా కాబట్టి సరిపోయింది. వెనకాల బండల లోడు లారీ ఉండి, చక్రం రోడ్డు మధ్యలో బిగుసుకుని ఉంటే ఈ కాలమ్ రాసేవాణ్ని కాను.

"ఆకురాయితో ఆ ముక్కు కొంచెం రాయకూడదా?" అన్నాను, డబ్బులు పెట్టి కొన్న ప్రాణం ఒప్పుకోక.

"రాయొచ్చు. ఎంత రాయాలో నీకు తెలుసునా, నాకు తెలుసునా?" అని, రేకు డబ్బాలో వెతికి గీతలు పడిన నల్లటి కంపెనీ లివర్ తీసి బిగించాడు. యాభై రూపాయలు తీసుకున్నాడు.

అప్పటినుంచి ఎక్కడ బండి ఆగి ఉన్నా నా చూపు లివర్ల మీదికే పోతోంది. పొట్టి లివర్ల మోజు నాకు ఎంతకీ అర్థం కాదు. కీలు నుంచి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో పడే పట్టును తొమ్మిదికి జరిపితే, అదే పనికి మూడో వంతు బలం ఎక్కువ పెట్టాలి. బావి మోకు లాగినవాళ్లకు చెప్పక్కర్లేని లెక్క. దసరా రాత్రుల్లో అమ్మవారిశాల దగ్గర జనంలో హాఫ్ క్లచ్ మీద అడుగడుగు జరిపి చూడండి, మణికట్టే చెబుతుంది. బులెట్‌కు పొట్టి క్లచ్ లివర్ వేయించుకునేవాళ్లకు మాత్రం దండం పెట్టాల్సిందే.

అంకెల చక్రాన్ని నేను తీసిపారేయను. గ్రిప్పుకూ లివర్‌కూ ఎడం తగ్గించుకోవచ్చు. చిన్న చేతులవాళ్లకు, ముఖ్యంగా బండ్లు నడిపే ఆడపిల్లలకు, అది నిజంగా పనికొచ్చేది. ఈ మధ్య కొన్ని బండ్లకు కంపెనీవాళ్లే ఇస్తున్నారు. ఇక సీఎన్‌సీ అంటే మిషను మీద కోసినదని అర్థం, అంతే. ఏ లోహాన్ని కోశారన్నది వేరే మాట. నాసిరకం పోత అల్యూమినియమైతే, కిందపడ్డప్పుడు వంగదు, పుటుక్కున విరుగుతుంది.

కొసన గుండు ఉందో లేదో చూడండి. అది అందానికి పెట్టింది కాదు. పడ్డప్పుడు లివర్ ఒంట్లో దిగకుండా కాపాడేది. అంతర్జాతీయ రేసుల నిబంధనల్లో ఆ గుండు కనీసం 16 మిల్లీమీటర్లు ఉండాలని రాసుంది. రేసు బండి ఫొటో చూసి కొనేవాళ్లు ఆ ఒక్కటీ చూడరు. కొన్ని లివర్లకు కొసకు దగ్గర చిన్న గాటు ఉంటుంది, పడితే అక్కడ విరిగి మిగతాది మిగలడానికి. నా పాతది అట్లా కొస మాత్రమే పోయింది. ఆ మిగిలిన ముక్కతో నేను వారం రోజులు బండి నడిపాను కూడా.

ఇంతకీ మేనల్లుడి సంగతి. సాయంత్రం పులివెందులలో వాడి బండి పట్టుకుని చూశాను. వాడిది మంచి రకమే, ఆట ఉంది, చక్రం హాయిగా తిరుగుతోంది. నా పరువు పోయిందనుకుంటూ వెనక్కి పోయి నిలబడి, "ఏదీ, బ్రేకు పట్టు" అన్నాను. వెనక ఎర్ర లైటు వెలగలేదు. లివర్ సందున ఉండే బుల్లి స్విచ్చును కొత్త లివర్ తాకడమే లేదు.

"వెనక కాలి బ్రేకు తొక్కితే వెలుగుతుంది కదా మామా" అన్నాడు.

"నీ వెనక వచ్చేవానికి ఆ సంగతి చెప్పినావా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. మరుసటి రోజు పొద్దున వాడే మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు.

కొత్త లివర్ వేయించినవాళ్లు షెడ్డు దగ్గరే మూడు పనులు చేయండి. సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం నేల నుంచి లేచేలా వెనక ఎవరినైనా నొక్కి పట్టమని, బ్రేకు నాలుగుసార్లు గట్టిగా పట్టి వదిలి, ముందు చక్రం చేత్తో తిప్పండి. క్లచ్ వైరుకు రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉందో లేదో వేలితో చూడండి. ఎవరినైనా వెనక నిలబెట్టి ఎర్ర లైటు అడగండి. పాత లివర్లు అంగట్లో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి.