చాలునని చెప్పగల సంఘం: మందిర విస్తరణ నిధి ప్రసంగాలలో వాక్య వినియోగం – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

సంఘం పెరిగినప్పుడు మందిరం చాలదు. ఇది సంతోషించదగిన ఇబ్బంది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలాన్నే తీసుకొందాం. ఒకవైపు జాతీయ రహదారి, 2008లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, మరొకవైపు బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం వంటి సముద్రతీర గ్రామాలు. ఇటువంటి చోట్ల రేకుల షెడ్డులో ఆరంభమైన ఆరాధన కొన్నేండ్లకు వాకిట్లోకి, వాకిలి దాటి వీధిలోకి రావటం కాపరులు ఎరిగినదే. అప్పుడు కమిటీ కూడుతుంది, మేస్త్రీ అంచనా చెబుతాడు, ఆ మరుసటి ఆదివారం ప్రసంగ వేదిక మీద నుండి నిర్మాణ నిధి ప్రకటింపబడుతుంది.

ఈ వ్యాసం నిధి సేకరణను తప్పుపట్టుటకు వ్రాయబడినది కాదు. ఆ ఆదివారం మనం ఏ వాక్యభాగాలను చదువుతున్నాం, వాటిని ఎలా చదువుతున్నాం అనునదే ఇక్కడి ప్రశ్న. బైబిలులోని నిర్మాణ కథనాలు "ఇవ్వండి" అని మాత్రమే చెప్పటం లేదనియు, ఎంత వరకు ఇవ్వాలి, ఎవరి యొద్ద తీసుకోవాలి, లెక్క ఎవరు చూడాలి అను మూడు సంగతులను అంతకంటె ఎక్కువగా చెబుతున్నాయనియు ఈ వ్యాసకర్త అభిప్రాయం. మన ప్రసంగాలు మొదటి మాటను తీసుకొని మిగిలిన మూడింటిని విడిచిపెడుతున్నాయి.

1. తరచుగా చదివే మూడు భాగాలు

మొదటిది హగ్గయి 1వ అధ్యాయం. దేవుని మందిరం పాడైయుండగా మీరు సరంబీ వేసిన ఇండ్లలో నివసిస్తారా అన్న ప్రవక్త ప్రశ్న నిర్మాణ నిధి ప్రసంగాలకు మూలవాక్యంగా నిలిచింది. అయితే ఈ సందేశం క్రీ.పూ. 520లో, దర్యావేషు రెండవ సంవత్సరంలో, మొదట అధికారియైన జెరుబ్బాబెలుకు, ప్రధాన యాజకుడైన యెహోషువకు వచ్చినది. గద్దింపు ఇల్లు బాగుచేసికొన్నవారికి. హౌసింగ్ కాలనీలో సగం గోడలతో ఆగిపోయిన ఇంట్లో ఉన్న విశ్వాసురాలికి అదే గద్దింపును వినిపిస్తే, వాక్యం మారకపోయినా దాని గురి మారిపోతుంది. హగ్గయిని న్యాయంగా బోధించదలచిన కాపరి మొదట తన ఇంటి పైకప్పును, కమిటీ సభ్యుల ఇండ్ల పైకప్పులను చూచుకోవాలి.

రెండవది మలాకీ 3:8-10. దశమభాగం మందిరపు నిధిలోనికి తేవాలన్న ఆజ్ఞ సిమెంటు, ఇనుము కొరకు కాదు. మందిరంలో ఆహారం ఉండుట కొరకు. నెహెమ్యా 13:10-12 దీనికి మంచి వ్యాఖ్యానం: లేవీయులకు రావలసిన పాళ్లు అందనందున వారు పొలాలకు పారిపోయారు. ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడవ సంవత్సరపు దశమభాగంలో పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి పాలున్నది. కావున దశమభాగాన్ని స్లాబుకు మళ్లించి, బీదల సహాయాన్ని "మందిరం పూర్తయిన తరువాత చూద్దాం" అనుట మలాకీని పాటించుట కాదు. మలాకీ ఎవరి పక్షాన మాట్లాడాడో వారి పాలును తీసుకొనుటే.

మూడవది మార్కు 12:41-44, విధవరాలి రెండు కాసులు. ఈ భాగానికి ముందు వచనం శాస్త్రులు విధవరాండ్ర ఇండ్లను దిగమ్రింగుచున్నారని చెబుతుంది. వెనువెంటనే 13:1-2లో ఆ మందిరపు రాళ్లు ఒకదానిమీద ఒకటి నిలువవని ప్రభువు చెబుతాడు. 1982లో ఎడిసన్ జి. రైట్ అను కథోలిక పండితుడు ఈ సందర్భాన్ని చూపి, ఇది మెచ్చుకోలు కాదు, విలాపమని వాదించాడు. ఆ వాదనను సంపూర్ణంగా అంగీకరించనవసరం లేదు. ఆమె భక్తిని ప్రభువు గుర్తించాడనుటలో సందేహం లేదు. కాని ఆమె కానుకను చూపించి ఇతర విధవరాండ్రను అడుగు అధికారం ఆ వచనాలలో ఎవరికీ ఇవ్వబడలేదు. ప్రభువు ఆమెను శిష్యులకు చూపించాడు గాని, ఆమెను ఏమియు అడుగలేదు.

2. ప్రత్యక్ష గుడారము: రెండు విధములైన కానుకలు

నిర్గమకాండము 35, 36 అధ్యాయాలను మనం ఇష్టపూర్వకమైన కానుకకు మాదిరిగా చదువుతాం. అది సరియే. కాని ఆ గ్రంథంలోనే ఆలోచింపజేయు పోలిక ఒకటి ఉన్నది. 32వ అధ్యాయంలో ప్రజలు చెవిపోగులు తీసి అహరోనుకు త్వరగానే ఇచ్చారు. దాని నుండి వచ్చినది దూడ. 35వ అధ్యాయంలో అటువంటి బంగారమే గుడారానికి వచ్చినది. కావున "ప్రజలు ఉత్సాహంగా ఇచ్చారు గనుక ఇది దేవుని చిత్తం" అనునది బలమైన రుజువు కాదు. ఉత్సాహం రెండు చోట్లా ఉన్నది.

మరియొక సంగతి. గుడారానికి కానుకలు రెండు మార్గాలుగా వచ్చాయి. బంగారం, నారబట్ట, తోళ్లు మొదలైనవి మనస్సు కలిగినవారు తెచ్చినవి. వెండి మాత్రం జనసంఖ్యలో లెక్కింపబడిన 6,03,550 మంది తలకు అర తులము చొప్పున ఇచ్చినది (నిర్గమ 38:25-26). ఆ అర తులములో ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు (30:15). ఆ వెండిలో వంద తలాంతులు పోతపోసి పరిశుద్ధ స్థలపు దిమ్మలుగా చేశారు (38:27). అనగా పైన మెరిసే బంగారం ఎవరిదైనా, గుడారపు పలకలు నిలిచినది అందరూ సమానంగా ఇచ్చిన వెండి మీద. సంఘంలో ప్రతి ఇల్లు భరించగల ఒక చిన్న సమాన భాగాన్ని మొదట నిర్ణయించి, దానిని పునాదికి వాడి, ఆ మీదట కలిగినవారి స్వేచ్ఛార్పణలను పైకట్టడానికి వాడుట ఈ క్రమానికి దగ్గరగా ఉంటుంది. అప్పుడు ఈ మందిరం ఎవరిది అను ప్రశ్నకు పునాదియే జవాబు చెబుతుంది.

36:5-7లో పనివారు మోషే యొద్దకు వచ్చి కావలసినదానికంటె ఎక్కువ వస్తున్నదని చెప్పగా, మోషే ఇక తేవద్దని పాళెమంతట చాటించాడు. నిధి సేకరణ చరిత్రలో ఇంత అరుదైన ప్రకటన మరొకటి లేదు. దానిని సాధ్యపరచినది ముందుగా నిర్ణయించిన కొలత. కొలత లేని పనికి "చాలు" అను మాట ఉండదు. గోడలు లేచిన తరువాత గోపురం, గోపురం తరువాత పాలరాయి, పాలరాయి తరువాత ఏసీ అని ప్రణాళిక సాగిపోతే విశ్వాసి ఎప్పటికీ బాకీదారుడుగానే మిగులుతాడు.

3. దావీదు సమకూర్చినది, సొలొమోను కట్టినది

1 దినవృత్తాంతములు 29లో దావీదు మొదట తన సొంత ధనాన్ని ఇచ్చాడు, తరువాత అధిపతులు ఇచ్చారు, వారు మనఃపూర్వకంగా ఇచ్చినందుకు జనులు సంతోషించారు. నాయకుడు ముందు ఇచ్చుట, ఆ తరువాతనే అడుగుట అక్కడి క్రమం. మనం ఇక్కడితో ఆపి, కట్టడం పూర్తయినదని చెప్పేస్తాం. కాని 1 రాజులు 5:13-14లో సొలొమోను ఇశ్రాయేలీయులలో ముప్పది వేలమందిని వెట్టికి పెట్టాడు. 9:11-13లో మందిరానికి, రాజనగరుకు కలప, బంగారం ఇచ్చిన హీరాముకు గలిలయలోని ఇరువది పట్టణాలను ఇచ్చాడు. అవి కూడ అతనికి నచ్చలేదు. 12వ అధ్యాయంలో, నీ తండ్రి మా కాడిని బరువు చేసెనని జనులు మొరపెట్టగా రాజ్యం రెండుగా చీలిపోయింది. ఆ మొరకు ఇతర కారణాలు కూడ ఉండవచ్చును. అయినను స్వేచ్ఛార్పణతో ఆరంభమైన పని వెట్టితో, అప్పుతో ముగియవచ్చునని ఈ కథనం స్పష్టంగా చెబుతున్నది.

ఇది మన జిల్లాకు దూరపు సంగతి కాదు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు, కాపరి పేర పాడిన చీటీ, ఇనుము కొట్టులో అరువు, మేస్త్రీకి బకాయి – స్లాబు వేసిన దినాన ఇవి కనబడవు. ఆ తరువాత సంఘ కాపరి ప్రతి ప్రసంగం చివర కానుక మాటయే వచ్చుటకు అసలు కారణం ఈ అప్పే. కూలి బిగబట్టుట గూర్చి యాకోబు 5:4 చెప్పిన మాట మందిరపు గోడలకు కూడ వర్తిస్తుంది.

మన ప్రాంతపు ఆదాయం ఎటువంటిదో కూడ తలంచాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను ఒక్క రాత్రిలో నేలమట్టం చేసింది. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుండి వేటకు వెళ్లి పాకిస్తాను చేతికి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులలో ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం వారున్నారు. ఇటువంటి జీవనం గల కుటుంబం చేత వేదిక ముందు చేయి ఎత్తించి, నెలకు ఇంత అని రెండేండ్ల మ్రొక్కుబడి వ్రాయించుట న్యాయమా? పంపేవాడు సముద్రం మీదనో, హైదరాబాదులో మరొకరి భవనానికి స్లాబు పోస్తూనో ఉంటాడు. డబ్బు రాని నెల అతని భార్య ఆరాధనకు రాదు. దేవునికి మాట తప్పితినని ఆమె అనుకుంటుంది. మందిరం పెద్దదై, ఆమె కూర్చుండు చోటు ఖాళీ అగుట ఎటువంటి విస్తరణ? కలిగినదానిని బట్టియే కానుక ప్రీతికరమని పౌలు వ్రాసిన మాట (2 కొరింథీయులకు 8:12) ఇక్కడ ఓదార్పు కాదు, నియమం. పౌలు ఆ చందాను కూర్చినది యెరూషలేము బీదల కొరకు, కట్టడం కొరకు కాదు అనునదియు జ్ఞాపకముంచుకోవాలి.

4. మనం చదవని అధ్యాయం

2 రాజులు 12ను నిధి ప్రసంగాలలో వినుట అరుదు. యోవాషు మందిరాన్ని బాగుచేయుమని యాజకులకు డబ్బు అప్పగించాడు. అతని యేలుబడిలో ఇరువది మూడవ సంవత్సరం వచ్చినను శిథిలమైన చోట్లు బాగుపడలేదు. గ్రంథకర్త వారిని దొంగలని అనలేదు. పని జరుగలేదని మాత్రమే వ్రాశాడు. అప్పుడు పద్ధతి మారింది. యాజకులు ఇక డబ్బు తీసుకొనరు. మూతకు బెజ్జము గల పెట్టె బలిపీఠము దగ్గర నిలిచింది. రాజు ప్రధాన మంత్రి, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలసి లెక్కించి సంచులలో కట్టారు. డబ్బు నేరుగా పనివారికి చేరింది. అపరాధ పరిహారార్థ, పాప పరిహారార్థ బలుల సొమ్ము ఇందులో కలుపబడలేదు. అది యాజకులదే (12:16). కాపరి జీతం వేరు, కట్టడపు నిధి వేరు అనుటకు ఇంతకంటె స్పష్టమైన ఆధారం అక్కరలేదు. పౌలు కూడ తీతుతో పాటు సంఘములు ఏర్పరచిన సహోదరుని పంపి, మనుష్యుల దృష్టియందును నిందకు చోటియ్యలేదు (2 కొరింథీయులకు 8:18-21).

నేటి చట్టం కూడ ఈ దిశలోనే అడుగుతున్నది. 2010 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేని సంఘం విదేశీ విరాళం తీసుకొనరాదు. 2020 సవరణ తరువాత నమోదైన సంస్థ సైతం ఆ సొమ్మును న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పొందాలి. మరొక సంస్థకు బదిలీ చేయరాదు. కాపరి సొంత ఖాతాకు, ఫోను నంబరుకు నిర్మాణ నిధిని రప్పించుట స్వదేశీ కానుకల విషయంలో కూడ పెట్టె మూతను తీసివేయుటతో సమానం.

5. చరిత్ర నేర్పునది

క్రీ.శ. మూడవ శతాబ్దంలో నేటి సిరియాలోని దూరా యూరోపోసులో క్రైస్తవులు ఒక ఇంటిని ఆరాధనకు మార్చుకొన్నారు. కూడుకొను స్థలం పెంచుటకు రెండు గదుల మధ్య గోడను తీసివేశారు. మనకు తెలిసిన తొలి మందిర విస్తరణలలో ఇది ఒకటి. దీనికి పూర్తి విరుద్ధంగా, రోములోని పరిశుద్ధ పేతురు మందిరానికి 1506లో పునాది పడి, దాని నిధికి పాపక్షమాపణ పత్రాల విక్రయం తోడై, 1517లో మార్టిన్ లూథర్ నిరసనకు దారితీసింది. సంస్కరణోద్యమానికి తక్షణ కారణాలలో ఒక నిర్మాణ నిధి ఉన్నదని మనం మరువరాదు.

మన దేశంలో రెండు మాదిరులు. 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ మందిరాన్ని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరవు దినాలలో పనికి ఆహారం అను పద్ధతిపై కట్టించాడు. ఆ మందిరం బీదల యొద్ద తీసుకొనలేదు, బీదలకు అన్నం పెట్టింది. దోర్నకల్‌లో బిషప్ వి.ఎస్. అజరయ్య గారు బీద గ్రామ సంఘాలకు స్వయంపోషకత్వాన్ని నేర్పారు. వంటకు ముందు తీసిపెట్టే పిడికెడు బియ్యమే ఆ బోధకు గుర్తు. ఆయన ప్రధాన మందిరం పని 1914లో మొదలై ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. పావు శతాబ్దం వేచియుండుటకు ఆయన సిగ్గుపడలేదు.

6. ఒక అభ్యంతరం

"ఎండలో కూర్చున్న ప్రజలకు నీడ అక్కరలేదా? తరతరాలుగా ఊరి బయట నిలువబెట్టబడిన జనానికి తమదని చెప్పుకొను పక్కా కట్టడం గౌరవం కాదా?" అని అడుగవచ్చును. ఈ అభ్యంతరం బలమైనది. దీనిని తేలికగా తీసివేయరాదు. మన పల్లెలలో మందిరపు స్లాబు అనేకులకు తమ వీధిలో లేచిన మొదటి సమష్టి ఆస్తి. అందుచేతనే అది అప్పుల పాలు కారాదు, ఒకని పేర వ్రాయబడరాదు. దాతల శిలాఫలకాన్ని నెహెమ్యా 3తో సమర్థించువారున్నారు. ఆ జాబితాలో ఉన్నవి ఇచ్చిన మొత్తాలు కావు, చేసిన పనులు. కంసాలులున్నారు, షల్లూము కుమార్తెలున్నారు, పనికి మెడ వంచని తెకోవ అధికారుల ప్రస్తావన కూడ ఉన్నది. రాయి వేయదలచితే ఇసుక మోసినవారి పేర్లు కూడ దానిమీద ఉండాలి.

ముగింపు

నిధిని ప్రకటించుటకు ముందు కాపరి, కమిటీ కలిసి ఈ ప్రశ్నలకు జవాబు వ్రాసికొనుట మంచిది. రెండు ఆరాధనలు జరిపినను స్థలం చాలదా? స్థలం పత్రాలు సంఘం పేర ఉన్నవా, స్థానిక అనుమతి వచ్చినదా? ఎంత వస్తే ఆపుతాం? ఎవరి యొద్ద అడుగము? సంచిని ఏ ఇద్దరు లెక్కిస్తారు? డబ్బు అయిపోతే పని ఆపి వేచియుండుటకు సిద్ధమేనా? లూకా 14:28-30లోని గోపురపు ఉపమానం శిష్యత్వం గూర్చినదే గాని నిర్మాణం గూర్చినది కాదు. అయినను కూర్చుండి లెక్క చూచుకొనుట ప్రతి వివేకి చేసే పనియని ప్రభువు అనుకొన్నట్లే ఆ మాటలు ఉన్నవి.

వేదాంత విద్యార్థులకు ఒక మనవి. రేపు మీరు కాపరులైనప్పుడు నిర్మాణ నిధి ఆదివారం తప్పక వస్తుంది. ఆనాడు హగ్గయి 1తో పాటు 2 రాజులు 12ను కూడ చదవండి. రెండవదానిని చదువుటకు సంకోచం కలిగితే, మొదటిదానిని చదువుట ఆ వారం వాయిదా వేయండి.