ఈగపులికి మూడు బిరుదులు

గోడమీద వాలిన ఈగను చూసి మెల్లమెల్లగా పొంచి, ఒక్క గెంతులో పట్టేసే గోరంత సాలీడును మీరు చూసే ఉంటారు. దాన్నే ఈగపులి అంటారు. మన పాఠాల్లో సాలీడు అనగానే గూడు అల్లే జీవి కనిపిస్తుంది. ఈగపులులు మాత్రం సాధారణంగా వలపన్ని వేటాడవు. వాటి ఆయుధం చూపు. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు పెద్దకళ్లు ఎరను స్పష్టంగా పోల్చుకుంటాయి. కాళ్లలోకి ద్రవాన్ని ఒత్తిడితో పంపి అది గెంతుతుంది. గెంతేముందు ఒక పట్టుదారాన్ని గోడకు అంటించుకుంటుంది, గురి తప్పినా పడిపోకుండా!

ఇలా గెంతే సాలీళ్లు 6,000 జాతులకు పైగా ఉన్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో వార్తలు ఈ కుటుంబానికి మూడు బిరుదులిచ్చాయి: శాకాహారి, పాలిచ్చే తల్లి, కలలు కనే జీవి. ఈ బిరుదులు ఎంతవరకు నిజం? ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

మెక్సికో, మధ్య అమెరికాల్లో ఉండే ఒక సాలీడుకు పెకమ్ దంపతులు 1896లో 'బఘీరా కిప్లింగీ' అని పేరు పెట్టారు. బఘీరా కిప్లింగ్ కథల్లోని నల్ల చిరుత. చిరుత పేరున్న ఈ సాలీడు తుమ్మజాతి చెట్ల ఆకుకొనల్లోని పోషక కణికలను తింటుందని 2009లో ఒక పరిశోధన వెల్లడించింది. నిజానికి ఆ కణికలు తనను కాపలా కాసే చీమలకోసం చెట్టు సిద్ధం చేసుకున్న మేత. మెక్సికోలో ఈ సాలీడు తిండిలో 90 శాతానికి పైగా మొక్కల ఆహారమే. కోస్టారికాలో మాత్రం సుమారు 60 శాతమే. మిగిలిన తిండిలో చీమల పిల్లపురుగులు కూడా ఉన్నాయి. కాబట్టి అది 'చాలావరకు' శాకాహారి. శీర్షికల్లో ఆ 'చాలావరకు' ఎగిరిపోయింది.

రెండో బిరుదు చైనా నుంచి వచ్చింది. చీమను పోలి ఉండే 'టాక్సియస్ మాగ్నస్' అనే జాతిలో తల్లి పొట్టకింది చీలికనుంచి ఒక ద్రవం స్రవిస్తుందని, పుట్టిన తొలి 20 రోజులు పిల్లలకు అదే ఆహారమని 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అందులో మాంసకృత్తులు ఆవుపాలకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. మొదటినుంచీ ఆ ద్రవం అందకుండా చేస్తే పిల్లలు పది రోజుల్లోపే చనిపోయాయి. దాన్ని పాలు అన్నది పరిశోధకులే, అందులో తప్పులేదు. కానీ వారు చెప్పింది ఒక జాతి గురించి. "సాలీళ్లు పాలిస్తాయి" అంటే వేల జాతులకు అదే అంటగట్టినట్టే. సాలీడుకు క్షీరదాల వంటి స్తనగ్రంథులు లేవని కూడా గుర్తుంచుకోండి.

మూడోది మరీ ఆకర్షణీయమైనది. 'ఎవార్కా ఆర్కువాటా' పిల్లల ఒంటిపై పొర పారదర్శకంగా ఉంటుంది. లోపల కంటి గొట్టాల కదలిక బయటికే కనిపిస్తుంది. రాత్రి దారానికి వేలాడుతూ విశ్రమించే ఈ పిల్లల్లో, ఉండి ఉండి ఆ గొట్టాలు కదలడం, కాళ్లు ముడుచుకోవడం 2022లో జర్మనీలో పనిచేసే శాస్త్రజ్ఞుల బృందం చిత్రీకరించింది. మనం కలలు కనే నిద్రలోనూ కళ్లు ఇలాగే వేగంగా కదులుతాయి. అందుకే వారు దీన్ని ఆ నిద్ర 'లాంటి' స్థితి అన్నారు. అది నిద్రేనని తేల్చడానికి మరికొన్ని పరీక్షలు కావాలనీ రాశారు. వార్తల్లో 'లాంటి' పోయి, కల మిగిలింది.

శీర్షికకు చోటు తక్కువ, నిజమే. ఆకట్టుకునే మాట లేకపోతే ఈ వార్త మీదాకా వచ్చేదీ కాదేమో. అయితే కోతకు గురైనవి ఏ మాటలో చూడండి: 'చాలావరకు', 'ఒక జాతిలో', 'లాంటి'. పరిశోధకులు నెలల తరబడి కొలిచి, లెక్కించి సంపాదించుకున్నవి ఆ మాటలే. పరీక్షలో అవి వదిలేస్తే మీకు మార్కులు పోతాయి. వార్తకూ అదే కొలబద్ద ఉండాలి కదా!

ఈసారి ఇలాంటి వార్త చదివినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ జాతి? ఎక్కడ చూశారు? స్వయంగా చూసిందెంత, ఊహించిందెంత? తర్వాత మీ ఇంటి గోడమీది ఈగపులిని ఓ పావుగంట గమనించి, చూసింది మాత్రమే నోటుబుక్కులో రాయండి. ఊహలకు వేరే పేజీ కేటాయించండి.