భోజనానికి వచ్చిన అల్లుడు

‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’ అనే చిత్రం 1967 డిసెంబరులో విడుదలయింది. దర్శకుడు స్టాన్లీ క్రామర్. మన ఇళ్ళలో ఈ చిత్రం ప్రసక్తి వచ్చినప్పుడల్లా అందరూ మెచ్చుకొనేవారే. ఇటీవల దానిని మళ్ళీ చూచాను. మెచ్చుకోలు అంత తేలికగా ఎందుకు వస్తుందో ఒకసారి ఆలోచించవలసి ఉందనిపించింది.

కథ చిన్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాట్ డ్రేటన్ అనే పత్రికాధిపతి ఉన్నాడు. మనుషులంతా సమానమని జీవితమంతా రాసినవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు హవాయిలో పదిరోజుల క్రితం పరిచయమయిన నల్లజాతి డాక్టరును ఇంటికి తీసుకువచ్చి, ఇతన్ని పెళ్ళి చేసుకుంటానంటుంది. రాతలు రాసిన పెద్దమనిషికి గొంతులో వెలక్కాయ పడుతుంది. తండ్రిగా స్పెన్సర్ ట్రేసీ, తల్లిగా కాథరిన్ హెప్‌బర్న్, డాక్టరుగా సిడ్నీ పాయిటియర్ నటించారు. ట్రేసీ చిత్రీకరణ ముగిసిన కొద్దిరోజులకే, 1967 జూన్ 10న కన్నుమూశాడు. మరి రెండు రోజులకు, జూన్ 12న, నల్లవారికీ తెల్లవారికీ మధ్య వివాహాన్ని నేరంగా పరిగణించే చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అప్పటికి పదహారు రాష్ట్రాలలో ఆ చట్టాలు ఉన్నాయి. అటువంటి రోజులలో ఈ చిత్రం తీయడం సాహసమే. ఆ గౌరవం దానికి దక్కవలసిందే.

అయితే ఆ అల్లుణ్ణి ఒకసారి చూడండి. పేరుమోసిన డాక్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో పెద్ద ఉద్యోగం. వినయవంతుడు. పైగా, మీ ఇద్దరి సమ్మతి లేకపోతే ఈ పెళ్ళి జరగదు అని అమ్మాయికి తెలియకుండా అత్తమామలకు మాట ఇచ్చేస్తాడు! అతనిలో వంక పెట్టడానికి ఒంటి రంగు తప్ప మరేదీ మిగలకూడదని దర్శకుడు కావాలనే అలా మలిచాడు. వాదం కోసం అది మంచి ఎత్తు. కాని దాని ఫలితం ఏమిటి? ఇంత గొప్పవాడయితే అభ్యంతరం లేదు అనుకొని ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆ డాక్టరు తండ్రి ఉత్తరాలు పంచిన పోస్ట్‌మన్. తండ్రి ఉద్యోగమే కొడుకూ చేస్తూ ఉంటే డ్రేటన్‌గారి గుమ్మం దాటేవాడా? ఆ ప్రశ్న చిత్రం వేయదు.

ఇంకొక పాత్ర ఉంది, మనం అంతగా పట్టించుకోనిది. టిల్లీ అనే నల్లజాతి వంటమనిషి. చివరి ఘట్టంలో డ్రేటన్ ఆమెను కూడా పిలిచి కూర్చోబెట్టి, ఇరవై రెండేళ్ళుగా ఈమె మా కుటుంబంలో మనిషి అని అందరికీ చెబుతాడు. తరువాత పెద్ద ఉపన్యాసం ఇస్తాడు, పెళ్ళికి ఒప్పుకుంటాడు. అంతా కన్నీళ్ళు తుడుచుకుంటారు. వెంటనే ఆయన నోటివెంట వచ్చే మాట, భోజనం ఎప్పుడు పెడతావు టిల్లీ అని! కుటుంబంలో మనిషి వడ్డించడానికి లేస్తుంది. దర్శకుడు దీనిని నవ్వు కోసమే పెట్టి ఉండవచ్చు. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టిన ఇళ్ళలో పెరిగి, ఆమె మా ఇంటి మనిషే అని చెప్పుకొనే మనకు మాత్రం అక్కడ నవ్వు రాకూడదు.

ఈ కథ తెల్లవారికీ నల్లవారికీ సంబంధించినదని మనం పక్కన కూర్చొని చూడడానికి లేదు. భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని 1923లో ఇదే సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో తీర్పు చెప్పింది. 1946లో పౌరసత్వపు హక్కు వచ్చినా, మన దేశానికి ఏడాదికి వందమంది కోటా. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ తలుపు తెరిచింది 1965 నాటి వలస చట్టం. అంతకుముందు ఏడాది పౌరహక్కుల చట్టాన్ని సాధించిన నల్లవారి పోరాటపు గాలే దానినీ ముందుకు నెట్టింది. వాళ్ళు వీధులలో దెబ్బలు తిని తెరిపించిన దేశంలో మనం ఇళ్ళు కొనుక్కున్నాం. కొనేటప్పుడు మొదట అడిగిన ప్రశ్న, చుట్టుపక్కల ఎవరుంటారు అని.

మన సంగతి మనకే చూపించిన చిత్రం మరొకటి ఉంది. 1991లో మీరా నాయర్ తీసిన ‘మిసిసిపి మసాలా’. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి వెళ్ళగొట్టగా మిసిసిపిలో మోటళ్ళు చూసుకుంటూ బతికే గుజరాతీల కథ. ఇక్కడి ప్రియుడు తివాచీలు శుభ్రం చేసుకొనే నల్లజాతి యువకుడు. కారు ప్రమాదం జరిగి అతను దావా వేస్తాడేమో అనే భయం ఉన్నన్నాళ్ళూ, తెల్లవారు కానివారమంతా ఒక్కటే అని మనవాళ్ళు అతనికి చెబుతారు. అమ్మాయి అతన్ని ప్రేమించిందని తెలియగానే ఆ ఐకమత్యం ఏమయిందో కనబడదు. క్రామర్ అడగని ప్రశ్న ఇక్కడ అడిగారు. అందుకే ఈ చిత్రం మన ఇళ్ళలో అంతగా మెప్పు పొందలేదు.

క్రామర్ చిత్రం ముగిశాక మా అమ్మాయి, నాన్నా, నువ్వయితే ఒప్పుకొనేవాడివా అని అడిగింది. డాక్టరు కదమ్మా, ఎందుకు ఒప్పుకోను అన్నాను. డాక్టరు కాకపోతే అంది. ఏదో జవాబు చెప్పబోయాను. మాట రాలేదు. మన ఊరి నుంచే వచ్చిన, మన కులం కాని కుర్రవాడయితే అని ఆమె ఇంకా అడగలేదు. అడిగి ఉంటే మరీ ఇబ్బంది పడేవాణ్ణి.

అందువల్ల ఈ రెండు చిత్రాలూ ఇంట్లో పిల్లలతో కలిసి చూడమని నా మనవి. మొదటిది చూచినప్పుడు మనం మంచివాళ్ళమనిపిస్తుంది. రెండవది చూచినప్పుడు అనుమానం వస్తుంది. ఆ అనుమానం వచ్చినరోజున దానిని దాచుకోకుండా పిల్లల ఎదుట ఒప్పుకోగలిగితే, భోజనానికి ఎవరు వచ్చినా మరొక విస్తరి వేయడం అంత కష్టం కాదు. వడ్డించే మనిషికి కూడా ఒక విస్తరి వేయాలని అప్పుడు గుర్తుకు రావచ్చు.